పెన్న ఇసుకలో రెండు గుంటలు

పామిడి పందెం నేనే గెలిచానని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. గెలిచింది నేను కాదు.

డెబ్బైల చివర్లో, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది, పుష్యమాసంలో జరిగింది. ఉరవకొండ నుంచి పామిడి దాకా, బస్సులో పోయినా నడుం పట్టేసేంత దూరం, వట్టి కాళ్లతో పరుగెత్తాలి. ఎండిన పెన్నలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు తేరుకున్నాక చెంబుతో తెచ్చి గట్టు మీది గంగమ్మ రాతికి పోయాలి. ముందు పోసినవాడికి నల్ల కంబళి. ఎవరు తవ్విన చెలమ వాళ్లదే.

తెల్లవారకముందే బయలుదేరాం. అంత చలి నేనెన్నడూ ఎరగను. చెవులు ఉన్నాయో లేవో తెలియలేదు. కంకర కోస్తున్నా అరికాళ్లకు నొప్పి లేదు. అయినా ఎంత హుషారో! ఇప్పుడు తలచుకున్నా కాళ్లు ఊరుకోవు. దారిలో శెనక్కాయ పొట్టు మంట వేసుకున్న ముసలాయన కేకేశాడు.

"ఏమప్పా, ఎవురన్నా తరుముకొస్తాండారా? రాండి, కాచుకోండి!"

ఆగినవాళ్ల కాళ్లు బిగుసుకుపోయి మళ్లీ లేవలేదు. చివరికి నేనూ, మా వీధిలో గొర్రెలు కాసే కుర్రవాడూ మిగిలాం.

"బిరీన రా అన్నా! నీ కంబళి నేను కప్పుకుంటాండా!" అని నవ్వుతూ దాటిపోయాడు.

నేను ఇసుకలోకి దిగేసరికి అతని చెలమలో నీళ్లు ఊరుతున్నాయి. బురద రెండుసార్లు తోడేసి, తేరుకునేదాకా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ తవ్వబోయాను. వేళ్లు వంగలేదు. గట్టు మీద ఈలలు, అరుపులు. అంత దూరం నుంచి ఏ గుంట ఎవరిదో వాళ్లకు తెలియదు. లేచి, అతని చెలమలో చెంబు ముంచి పరుగెత్తాను.

"అన్నా, అది నా చెలమ!"

రాతి పసుపు మీద బురద కారింది.

"ఏందప్పా, బురద పోసినావే?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"నా చెలమలో ఇవే ఊరినాయి."

కుర్రవాడు తేట నీళ్లతో గట్టెక్కి జరిగింది చెప్పాడు. "ఓడిపోయినోని మాటలు యాడైనా ఇట్లనే ఉంటాయిలేప్పా" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కంబళి నా భుజాల మీద వేశారు. అతను వణుకుతూ తన నీళ్లు రాతికి పోశాడు. బురద కడుక్కుపోయింది.

ఎవరైనా ఏట్లోకి దిగి చూసివుంటే రెండు గుంటలు కనిపించేవి. నాది జానెడు లోతు కూడా లేదు. అడుగంతా పొడి ఇసుకే.