ఆషాఢంలో కొండ మీద గాలిపటం

నేను డిప్లొమా రెండో ఏడు చదువుతున్నప్పుడు మా అక్కకు పెళ్లయింది. బావది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. ఆషాఢం రాగానే అక్కను హిందూపురంలోని మా ఇంటికి తీసుకొచ్చారు. ఆ నెలంతా కొత్త అల్లుడు అత్త ఉన్న ఇంటి గడప తొక్కకూడదు. వారం తిరిగేసరికి అక్క కంచం ముందు కూర్చుని, తినడం మరిచిపోతోంది.

తొలి ఏకాదశికి మేము ఏటా పెనుకొండలో అవ్వ ఇంటికి వెళ్లేవాళ్లం. ఆషాఢపు గాలికి ఊళ్లో సగం మంది కొండెక్కి గాలిపటాలు ఎగరేసేవారు. ఆ ఏడు నాలుగు రోజుల ముందే వెళ్లాం. వెళ్లిన రోజే అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"మీ బావకు జాబు రాయి. ఇంటికి రాకూడదు గానీ, కొండకు రావద్దని ఎవరూ చెప్పలేదు."

"అమ్మకు తెలిస్తే?"

"నువ్వు రాయబ్బా. మీ అమ్మ సంగతి నాకెరికే."

నాకు తెలిసిన పద్ధతిలోనే జాబు రాశాను. ఒకటి, ధర్మవరంలో ఎక్కవలసిన రైలు. రెండు, స్టేషన్ నుంచి కొండకు దారి. మూడు, మేము ఎర్ర గాలిపటం కింద ఉంటాం. ఆ పటాన్ని గ్రాఫు కాగితం మీద గీసి, వెదురు పుల్లలు కొలిచి చేశాను. కొలతలు సరిగా ఉంటే తోక అక్కర్లేదని నా నమ్మకం.

ఏకాదశి నాడు అక్కా నేనూ సగం కొండెక్కి తలెత్తి చూస్తే, పదిహేడు ఎర్ర గాలిపటాలు. ఊళ్లో ఒక్కటే కాగితాల అంగడి. ఆ వారం అక్కడ ఎరుపు తప్ప మరో రంగు లేదు. నేనూ అక్కడే కొన్నాను. ఆ సంగతి మాత్రం నా లెక్కలోకి రాలేదు.

రైలు కూత వినిపించి గంట దాటింది. సాయంత్రం బండికి బావ తిరిగి పోవాలి. అక్క కింద కనిపించిన ప్రతి తెల్లచొక్కానూ చూస్తోంది. నా పటమేమో గిరగిరా తిరిగి రెండుసార్లు బండల్లో పడింది.

"దీనికి తోక యాడరా?"

"లెక్క ప్రకారం అక్కర్లేదు."

"లెక్కకు అక్కర్లేదేమో, గాలికి కావల్ల."

అక్క కొంగుముడి విప్పి, మూరెడు జరీ అంచు తీసింది. పెళ్లిచీర మొదలుపెట్టే ముందు బావ మచ్చుకు నేసిన ముక్క అది. నేను వద్దనేలోపే పటానికి కట్టేసింది. పటం నిలబడింది. ఎండ తగిలినప్పుడల్లా తోక తళుక్కుమంది.

పావుగంటకు బావ రొప్పుతూ వచ్చాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఎర్రపటం కింద ఉంటామని రాస్తివి. కొండంతా ఎరుపే ఉండాది. నాలుగు పటాల కింద ఎవరెవరి సంసారాలో చూసొస్తి."

"మరి ఈడ ఉన్నామని ఎట్ల తెలిసె?"

"నా అంచు నాకు తెలీదా?" అని అక్క వైపు తిరిగాడు. "దాచిపెట్టుకోమని ఇస్తే ఆకాశానికి కడతావా?"

"దాచిపెట్టుంటే ఇంకా ఆ నాలుగు పటాల కిందనే తిరుగుతాంటిరి," అంది అక్క.

నేను దారం పట్టుకుని దూరం జరిగాను. కాసేపటికి అక్క పేలపిండి డబ్బా తెరిచి పిలిచింది. ఇద్దరికని అమ్మ సర్ది ఇచ్చిన పిండి ముగ్గురం తిన్నా ఇంకా మిగిలింది. మిగిలింది బావ ఊడ్చి తిన్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఖాళీ డబ్బా చూసింది. కొండ మీదికి ఎవరొచ్చారని అడగలేదు.

"సరిపోయెనా?" అని మాత్రం అంది.