కాక బిగించిన బిరడా

పోయిన నెల సిరిసిల్ల పక్కనున్న మా అక్క వాళ్ళ ఊళ్ళో, ఆమె మనవడి పుట్టువెంట్రుకల దావత్‌కు పోయాను. తిన్న తర్వాత ఒక పెద్దమనిషి నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. నల్లా కట్టేసి నాలుగడుగులు వేశాడు, వెనక్కి వచ్చి మళ్ళీ గట్టిగా తిప్పాడు. గేటు దాకా పోయి మూడోసారి వచ్చాడు. "కాకా, బందైంది, నువ్వు నడువు!" అని అక్క నవ్వింది. పందిట్లో అందరూ నవ్వారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆయన కాకే. ఆయనా నవ్వి, "ఏం జెయ్యాలె, నా చేతుల మీద నాకే ఇత్బార్ లేదు" అన్నాడు. నా విస్తట్లో మటన్ ముక్క అలాగే ఉండిపోయింది. ఆ నమ్మకం పోగొట్టినవాణ్ణి నేనే.

ఆరేళ్ళ కిందటి మాట. నేను అప్పుడే దుబాయి నుంచి వాపసు వచ్చాను. మా కోరుట్లలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళలో నాకు ఇంతవరకు ఒక్క హెల్పర్ తగల్లేదు, అందరూ ఫోర్‌మన్లే. మరి అక్కడ పారపట్టిందెవరో, బరువులు మోసిందెవరో దేవుడికే తెలియాలి. నేనూ తక్కువ తినలేదు. పడవల షెడ్డులో పదకొండేళ్ళు పడవలు కడిగి, ఇక్కడ పెళ్ళికి పోయినా చావుకు పోయినా 'బోట్ మెకానిక్' అని చెప్పుకున్నాను. పట్టుబడడానికి ఈ చుట్టుపక్కల పడవెక్కడుంది అన్న ధీమా. తీరా మానేరు మీది డ్యాంలో నీళ్ళు నిండాయి. చూడవచ్చే జనాన్ని తిప్పడానికని మా బావ ఎక్కడినుంచో ఒక పాత మోటారు పడవ పట్టుకొచ్చాడు. నా ఖర్మ కాకపోతే ఏమిటి!

ఆ పడవ నడిపేది కాక. వెనక చెక్కలో, అడుగున, వేలెడు పొడవు ఇత్తడి గొట్టాలు రెండు ఉండేవి. సాయంత్రం పడవను ఒడ్డుకు లాగి వాటి బిరడాలు తిప్పి తీస్తే లోపలి నీళ్ళన్నీ బయటికి పోతాయి. పొద్దున మళ్ళీ బిగించి నీళ్ళలోకి దింపాలి. ఆ గొట్టాలు పచ్చగా చిలుమెక్కి, అంచులు అరిగిపోయి ఉన్నాయి. "కొత్తయి ఎయ్యాలె. నువ్వుండంగ ఇంకో మెకానిక్ ఎందుకు, బామ్మర్దీ?" అన్నాడు బావ. నాకు రాదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అక్క పక్కనే నిలబడి నావైపు గర్వంగా చూస్తోంది. సరేనని తలూపాను.

షెడ్డులో మలయాళీ మేస్త్రీ ఈ పని చేస్తుంటే బకెట్ పట్టుకుని చూసినవాణ్ణే. పాత గొట్టం లాగేయాలి, చెక్క కన్నాన్ని ఆరబెట్టి చుట్టూ పుట్టీ పెట్టాలి, కొత్త గొట్టం దూర్చి దాని అంచును మెల్లగా వెడల్పు చేసి చెక్కకు అదమాలి. ఆయన దగ్గర దానికి వేరే పనిముట్టు ఉండేది. నా దగ్గర సుత్తి, ఒక బేరింగ్ గుండు ఉన్నాయి. జగిత్యాల పోయి ఇత్తడి గొట్టం కోయించుకొచ్చి మొదలుపెట్టాను. ఎడమది బాగానే కుదిరింది. కుడిదాన్ని కొడుతుంటే టిక్కుమంది. చూస్తే అంచులో వెంట్రుకంత పగులు. మళ్ళీ జగిత్యాల పోతే బావ ఎందుకని అడుగుతాడు. పుట్టీ మెత్తి, పైన రంగు పూసేశాను. "దుబాయి పని దుబాయి పనే!" అని కాక నా భుజం తట్టాడు. సిగ్గులేని ముఖంతో నవ్వాను.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం ఒడ్డున కట్టేసి అందరం బువ్వకు పోయి వచ్చేసరికి పడవ వెనక భాగం మునిగి, ఇంజన్ నీళ్ళలో ఉంది. మొదట దిగింది నేను. చెయ్యి నేరుగా కుడి గొట్టం దగ్గరికే పోయింది. బిరడా గట్టిగా బిగించే ఉంది. పుట్టీ ఊడింది, గొట్టం పక్కనుంచి నీళ్ళు పడవలోకి ఎక్కాయి. వెనక బావ ఇంకా లుంగీ ఎగ్గడుతున్నాడు. నేను ఆ బిరడాను తిప్పి తీసి నీళ్ళలో వదిలేశాను. ఈ మాట రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

"కాకా, గీ దిక్కు బిరడ ఏది?" అని బావ అరిచాడు.

"పొద్దుగాల నా చేతులతోనే బిగించిన గదా!"

"బిగిస్తే ఏడికి వోయింది?"

కాక తన చేతులను చూసుకున్నాడు. "బిగించినట్టే యాదికున్నది... ఏమో మరి. మర్సిపోయిన్నో ఏమో" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నేను నిలబడ్డాను. ఇంజన్ పోయింది, పడవ తుక్కుకు పోయింది, కాకకు పని పోయింది. ఆ తర్వాత ఆయనను పొలం మోటారు దగ్గరికి గానీ, ట్రాక్టర్ మీదికి గానీ ఎవరూ పిలవలేదు.

దావత్ మర్నాడు ముందు బావకు చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అక్క లోపలికి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి కాక ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. తల దించుకుని అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను.

"ఏ దిక్కుది?" అన్నాడు.

"కుడి దిక్కుది, కాకా."

"ఆఁ, కుడి దిక్కుదే! గట్టిగ తిప్పిన, మల్లొకపారి తిప్పి సూసిన." ముఖం ఒక్కసారి విప్పారింది. "అంటే నేను మర్సిపోలే."

తర్వాత చేతిలోని వల పక్కన పెట్టాడు. "నిరుడు పాణం పోయేదాంక మా ఇంటామె నన్ను పొయ్యి కాడికి సుత రానియ్యలే, కొడుకా. గ్యాస్ బంద్ చేసుడు మర్సిపోతనని. గిప్పుడు దానికెవలు చెప్పాలె?"

నిజం ఎప్పుడు చెప్పినా నిజమే కదా, తొందరేముంది అని ఆరేళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్పేవాడికి ఎంత కాలం ఉందో చూసుకున్నాను గానీ, వినాల్సిన మనిషికి ఎంత మిగిలిందో ఆలోచించలేదు.