ఖాళీ తుపాకీని నమ్మని జమాదార్

లోకంలో ఖాళీ తుపాకీ అనేది ఒకటి ఉంటుందని జమాదార్ జానీ పాషా చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. తుపాకీతో ఆగితే బాగుండేది. గొడుగు, చేతికర్ర, గరిటె, ఆఖరికి మనిషి చూపుడువేలు కూడా ఆయన లెక్కలో తోటా నింపి ఉన్నవే. హుస్నాబాద్ తోవ ఎటని ఎవరైనా అడిగితే వేలు చూపేవాడు కాదు. ఎద్దుబండి మళ్లినట్టు ఒళ్లంతా అటు తిప్పి గడ్డం ఎగరేసేవాడు. భార్య రబియాబీ గరిటె చూపిస్తూ తిడితే ఎదురు చెప్పకుండా ఒక్కడుగు పక్కకు జరిగి, "గరిటె కిందికి పెట్టి తిట్టు బేగం, ఇంటున్న" అనేవాడు.

1944లో సిద్దిపేటలో కొందరు అధికారులు తుపాకీ గురి నేర్చుకోవడానికి నిషానా క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి బయట మట్టికట్ట, దాని ముందు చెక్కబోర్డు, ఇటు చివర సున్నంతో గీసిన గీత, ఒక బల్ల. అంతే క్లబ్బు. ఫౌజులో చేసి వచ్చిన పాషా అక్కడ ఉస్తాదు. జాగ్రత్తలన్నీ నేర్చుకున్నారని ఆయన సనదు రాసిస్తేనే ఎవరైనా బోర్డును కొట్టాలి. హైదరాబాదులో చదువు సగంలో వదిలేసి వచ్చిన నన్ను, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిపెడతానంటే చేర్చుకున్నారు.

నాకు ఆట మీద ఆసక్తి లేదు. దాచుకోవడం దేనికి? మా ఊరి దొర గుమాస్తా లింగమూర్తి మా బాపు నెత్తిన చెప్పులు పెట్టించి గడీ ముందు పొద్దంతా నిలబెట్టాడు. నాకు ఒక్క తోటా చాలు.

మొదటిరోజే అడిగాను. "పాషా సాబ్, గీ తోటా దళసరి కోటుల నుంచి పోతదా?"

ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. "పోతది" అని, పేలకుండా చేసిన పాత పిస్తోలు ఒకటి చేతికిచ్చాడు.

తాసీల్దారు బామ్మర్దికి తొమ్మిది రోజుల్లో సనదు వచ్చింది. నాకు ఐదు నెలలైనా రాలేదు. రోజూ అదే పని. చక్రం తెరువు, చూడు, వేలు పెట్టి తడుము, బల్ల మీద పెట్టు. ఎవరైనా గీత దాటి ముందుకు పోతే ఉన్న తోటాలన్నీ దులిపి, మూడడుగులు వెనక్కి వేసి, "ఖాళీ" అని కేకెయ్యి. కేకేసినా నమ్మేవాడు కాదు, మళ్లీ చూడమనేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఇది పేలదని మీకు తెలుసు గద సాబ్?"

"నాకు తెలుసు బేటా. దానికి తెల్వదు."

చివరికి ఇంట్లో నీళ్లు తాగి, చెంబులోకి తొంగిచూసి "ఖాళీ" అన్నానట. మా అవ్వ బెదిరిపోయి తాయెత్తు కట్టించింది.

దసరా వెళ్లాక క్లబ్బులో పోటీ పెట్టారు. చూడటానికి మా దొర వచ్చాడు, వెనకే లింగమూర్తి. ఆ రోజే, సనదు ఇంకా రాయకుండానే, పాషా నాకు అసలు పిస్తోలు ఇచ్చాడు, ఆరు తోటాలు ఇచ్చాడు. నింపుకుని గీత దగ్గర నిలబడ్డాను. గాలికి దొర మొహం తుడుచుకునే దస్తీ ఎగిరి బోర్డు వైపు పోయింది. దాని కోసం లింగమూర్తి గీత దాటి ఉరికాడు. నాకు పది అడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి వంగాడు. దళసరి కోటు.

పాషా నా పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకోలేదు.

నా చేతులు నన్ను అడగలేదు. చక్రం తెరిచాయి. ఆరు తోటాలూ బల్ల మీద దొర్లాయి. మూడడుగులు వెనక్కి పడ్డాయి. "ఖాళీ" అన్న కేక నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. లింగమూర్తి దస్తీ దులుపుకుంటూ, ఏమీ ఎరగకుండా పోయి దొర వెనక నిలబడ్డాడు.

పాషా అక్కడే కూర్చుని సనదు రాశాడు. ఇన్ని నెలలు ఎందుకు తిప్పారని అడిగాను.

"అందరు బోర్డు ఎంత దూరమని అడుగుతరు. నువ్వు కోటు సంగతి అడిగినవు. గా దినమే పోయి మీ బాపును కలిసిన. చెప్పులు మోసిననని ఏడుస్తలేడు బేటా ఆయన. కొడుకు ఉరికంబం ఎక్కుతడని ఏడుస్తుండు."

"గంత ఎరుకుండి, ఇయ్యాల తోటాలు ఎట్ల ఇచ్చిన్రు సాబ్?" అన్నాను.

పాషా బల్ల మీది తోటా ఒకటి తీసి, మూతి పీకి, నా అరచేతిలో వంచాడు. మందు బదులు చిటికెడు ఇసుక రాలింది.

"నీ మీద నమ్మకమున్నది బేటా," అన్నాడు. "నీ వయసు మీద లేదు."