మల్లేశం జీపు ఎత్తు

వాగు దాటగానే ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవాడు మా తమ్ముడు మల్లేశం.
నేను ఎత్తకూడదు. అది మా ఇద్దరి లెక్క. ఆ రింగు వినబడే దాకా నాకు ముద్ద దిగేది కాదు.

నిన్న పొద్దున ఫోన్ మోగింది. హమ్మయ్య, దాటిండు అనుకున్నాను.

కట్ కాలేదు.
మోగుతూనే ఉంది.

ఎత్తితే ఎవరిదో గొంతు. "అమ్మా, మీరు మల్లన్నకు ఏమైతరు?"

అక్కనన్నాను. తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవిన పడలేదు. నా బిడ్డ ఫోన్ లాక్కుని విన్నది.

నేను మూడో తరగతి దాకే చదివాను. ఈ అకౌంట్ నా బిడ్డది. నేను చెబుతుంటే తను టైపు చేస్తోంది. మధ్యలో ఆగి ఏడుస్తోంది. తప్పులుంటే ఏమనుకోకండి.

మల్లేశం పాత జీపు మీకందరికీ తెలుసు. వీర్నపల్లి దిక్కు ఊళ్ల నుంచి సిరిసిల్లకు మనుషులను తెచ్చేవాడు. తెలంగాణ కోసం సమ్మెలు మొదలై బస్సులు బంద్ అయ్యాక, ఆ ఊళ్లకు ఆ జీపే బస్సు, అదే అంబులెన్స్.

వానలకు దారిలో వాగు పొంగి, బురదలో చక్రాలు దిగబడుతున్నాయని పెద్ద టైర్లు వేయిద్దామనుకున్నాడు. జగిత్యాలలో ఖాదర్ భాయ్ షెడ్డుకు బయలుదేరాడు. నేనుండే కోరుట్ల మీదుగానే దారి, అక్కడ నేనూ ఎక్కి కూర్చున్నాను. నేను పక్కన లేకుంటే ఏం చేయించుకుంటాడో అని నా భయం.

నాకు అన్నిటికీ భయమే. మెట్‌పల్లి రోడ్డు మీద ఒకసారి జీపు బోల్తా పడితే చూశాను. అప్పటి నుంచి జీపంటే నాకు కళ్ల ముందు అదే.

ఖాదర్ భాయ్ చాయ్ తెప్పించి నిమ్మళంగా చెప్పాడు.

"పెద్ద టైర్లు మడ్‌గార్డుకు రాసుకుంటయి అక్కా. బండిని లేపాలె. మూడు తీర్లు ఉన్నయి. చక్రాల మీది కమాన్ పట్టీల చివర ఉండే షాకిల్ ఇనుప ముక్కలు పొడుగు చేస్తే సస్తల, తక్కువ పైసలల్ల అయితది, గని స్టీరింగు చేతిల నిలువది. కొత్త కమాన్ పట్టీలేస్తే నాలుగంగుళాలు లేస్తది, ఇంజన్‌తోని సహా. లేకుంటే బాడీ కింద రబ్బరు దిమ్మెలు పెడుదాం. రెండంగుళాలు. గప్పుడు బాడీ ఒక్కటే లేస్తది, ఇంజన్ కిందనే ఉంటది."

మల్లేశం కళ్లు కమాన్ పట్టీల మీదే ఉన్నాయి.

నేను ఒక్కటే అడిగాను. "ఏది బోల్తా పడది భాయ్?"

"బరువు కిందుంటే పడది అక్కా."

"అయితే రబ్బరువే పెట్టు."

మల్లేశం నవ్వాడు. "అక్కా, వాగు దాటేటందుకు నేనొస్తే, నువ్వు బోల్తా పడుడు పట్టుకొని కూసున్నవేందే!"

"నీళ్లల్ల పోయే బండికి ఇంజన్ లేవాలె అక్కా," అని ఖాదర్ భాయ్ కూడా అన్నాడు. అన్నాడు. నేను విన్నాను.

విని, తమ్ముడి చెయ్యి తీసి నా తల మీద పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు. నాలుగంగుళాలు లేపితే నేను సచ్చినంత."

వాడు ఖాదర్ భాయ్ దిక్కు తిరిగాడు.
"సరే భాయ్. మా అక్క ఎంతంటే గంతే."

రబ్బరు దిమ్మెలు పెట్టించి, వాటికి పట్టినంత టైర్లే వేయించుకున్నాడు. బయటికి చూస్తే జీపు ఎత్తుగానే కనబడేది.

ఒకరోజు నేనూ జీపులో ఉన్నాను. నిండు నెలల పిల్లను డెలివరీకి సిరిసిల్ల తీసుకుపోతున్నాం. దారిలో తెలంగాణ కోసం వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యి, పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది.

"ఏందే మల్లన్నా, నీ జీపుకు కాళ్లు మొలిచినయా?" అన్నారు ఆందోళనలో కూర్చున్న పిల్లలు.

"మొలిచినయ్‌రా! మీ గంజును దుంకి పోదునా? పొయ్యి జరుపుండ్రి, నొప్పులు వడుతున్న పిల్ల ఉన్నది."

నలుగురు కలిసి ఉడికీ ఉడకని అన్నం గంజును పక్కకు దించారు. ఎవరి కాళ్ల మీద ఒలుకుతుందోనని నేను కళ్లు మూసుకున్నాను. తిరిగి వచ్చేసరికి వాడి కోసం విస్తరిలో అన్నం మూసి పెట్టారు. ఆడపిల్ల పుట్టిందని చెప్తే జై కొట్టారు.

ఆరోజు, నా తమ్ముడికి ఏమీ కాదు అనుకున్నాను. నా బతుకులో ఆ ఒక్కరోజే అట్లా అనుకున్నాను.

నిన్న ఐదుగురితో వస్తున్నాడు. వాగు మధ్యకు వచ్చాక ఇంజన్‌లోకి నీళ్లు పోయి జీపు ఆగింది. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఒడ్డుకు చేర్చాడు. తడుస్తుందని ఫోన్ ఒకాయన చేతిలో పెట్టాడు.

"బండి జరుగుతున్నది, తాడు కట్టొస్త అని మళ్ల దిగిండమ్మా," అన్నాడట ఆయన.

మళ్లీ ఒడ్డెక్కలేదు.

ఐదుగురూ బతికారు. వాళ్లు చల్లగా ఉండాలి.

మధ్యాహ్నం తమ్ముడు వాగు దిగువన దొరికాడు. సాయంత్రం మట్టికి ఖాదర్ భాయ్ వచ్చాడు. పక్కకు పిలిచి అడిగాను. "ఇంజన్ లేపి ఉంటే దాటేదా భాయ్?"

తల వంచుకున్నాడు.
"అడుగకు అక్కా."

అందరూ నీ తప్పేం లేదంటున్నారు. ఆ మాట ఖాదర్ భాయ్ ఒక్కడే అనలేదు. ఆయనకు అబద్ధం రాదు.

జీపు ఇంకా వాగులోనే ఉంది. నీళ్లు తగ్గాక తీస్తారట. తీసి ఏం చేస్తారు.

మల్లేశం, నా ఒట్టు నేనే తీసి గట్టు మీద పెట్టిన, బిడ్డా. నాకు ఆలస్యమైంది.

నువ్వు పోయినకాడ ఏ వాగూ అడ్డం రావద్దు. నీ పానం నిమ్మళంగా ఉండాలె.
చేరినంక ఒక్క రింగియ్యి.
నేను ఎత్తను.