ప్రభువు పేరు చెప్పి నేనెంచుకున్న చక్రాలు

ఇన్నేళ్లుగా ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకు ముందుగా కనిపించేది ఒక కారు చక్రం. సిలువ కాదు. ప్రభువు ముఖం కాదు. వెండిలా మెరిసే చక్రం. మీకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం దాని బరువు ఛాతీ మీదనే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచిన ప్రతిసారీ నా మాట సాక్ష్యంలా మారిపోతుంది, చక్కగా, వినసొంపుగా. సాక్ష్యం చెప్పడం నాకు బాగా అలవాటు. ఒప్పుకోవడం అలవాటు లేదు.

మాది మందమర్రి బొగ్గుగనుల కాలనీలో చిన్న సంఘం. రేకుల మందిరం. నేను గని ఆఫీసులో గుమస్తాను, సంఘంలో పెద్దను. ఆదివారపు బడిలో చిన్నప్పుడే వాక్యం కంఠతా పట్టినవాణ్ణి. ఎవరైనా ఒక వచనం మొదలుపెట్టి తడబడితే అందరి కళ్లూ నా వైపే తిరిగేవి. ఆ జ్ఞాపకశక్తి దేవుడిచ్చిన వరమని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. వరాన్ని దేనికి వాడానన్నదే నా బాధ.

తొంభైల మొదట్లో మా సంఘానికి ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. అడవి ఊళ్లలో ఆరాధనలకు మా పాస్టరుగారు, వారి భార్య అందులోనే వెళ్లేవారు. వారిని అయ్యగారు, అమ్మగారు అని పిలిచేవాళ్లం. కారు నడిపేది దేవదానం. నా భార్యకు సొంత అన్న, నాకు బావ, సంఘంలో నాలాగే పెద్ద. ప్రతి గుంతనూ పేరు పెట్టి తిట్టినట్టు గొణుక్కుంటూ, మధ్యలో పాట పాడుకుంటూ నడిపేవాడు. ఆ గుంతలకు చక్రాల రిమ్ములు వంకరపోయాయి. సుత్తితో కొట్టించుకుని కొంతకాలం లాగాం. చివరికి టైర్ల షాపతను ఇక కొట్టనని చేతులెత్తేశాడు. కొత్త చక్రాలు చూసి రమ్మని సంఘం మా ఇద్దరినీ కరీంనగర్ పంపింది.

దానికి కొద్ది నెలల ముందు అదే కరీంనగర్‌లో క్రైస్తవ సభలు జరిగాయి. చాలా సంఘాల బండ్లు వచ్చాయి. మా కారు ఆగగానే ఎవరో అన్నారు: "మందమర్రోళ్లు వచ్చిండ్రు! బండి తోటి బొగ్గు గూడ మోస్కొచ్చిండ్రా?" అందరూ నవ్వారు. దేవదానం కూడా నవ్వి, "తెచ్చినం, మీ పొయ్యిలకు కావాల్నా?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. తుప్పు పట్టిన ఆ చక్రాలు సభ జరిగినన్ని రోజులూ నా కళ్లలో గుచ్చుకుంటూనే ఉన్నాయి. దేవుని మందిరం బయట నిలబడి నేను సిగ్గుపడింది నా పాపాల గురించి కాదు, చక్రాల గురించి. అది అప్పుడు నాకు తప్పుగా కూడా తోచలేదు.

కరీంనగర్ షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి, మామూలు నల్ల ఇనుప రిమ్ములు. రెండోది, అప్పుడప్పుడే వస్తున్న అల్లాయ్ వీల్స్. చువ్వలు చువ్వలుగా, మెరుస్తూ, చక్రం నడుమ ఇంకో చక్రం ఉన్నట్టుగా. నేను వాటి ముందు నుంచి కదల్లేదు.

షాపు భాయి నవ్వుతూ అడిగాడు. "సాబ్, మీకు షోకు కావాల్నా, సవారీ కావాల్నా? జర ముందుగాల చెప్పుండ్రి."

"సవారే," అన్నాడు దేవదానం. నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. "బావా, ఇనుము వంగుతది. వంగితె సుత్తె తోటి కొట్టుకుంటం. గిది వంగది, పలుగుతది. జైనూర్ దిక్కు పొయ్యేటప్పుడు రాళ్ల మీద పలిగితె ఏం జేద్దం?"

"అందరు వేసుకుంటలేరా?"

"పట్నంల వేసుకుంటరు. మనది పట్నమా? అయ్యగారు, అమ్మగారు, నువ్వు, నేను, వెనుక డప్పులు, చాపలు. నీకు మెరుపు కావాల్నంటె చెప్పు, నీ బూట్లకు పాలిష్ కొట్టిస్త."

భాయి కూడా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. నిజం చెప్పినందుకు కాదు. నా లోపలిది చూసినందుకు. సంఘంలో చెప్పి నిర్ణయిద్దామని తిరిగి వచ్చేశాం. బస్సులో అతను నిద్రపోయాడు. నేను చక్రం నడుమ చక్రం గురించే ఆలోచిస్తూ వచ్చాను. బైబిల్లో ఒక నది ఒడ్డున ఒక ప్రవక్తకు కనిపించిన దర్శనం నాకు నోటికి వచ్చు. ఆ దర్శనంలోనూ అలాంటి చక్రాలే. ఆ పోలిక తట్టినప్పుడు నాకు భయం వేయాలి. సంతోషం వేసింది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ సంగతైనా ప్రార్థనలో పెడతాం. ఎవరైనా లేచి, నాకు దేవుడు వాక్యం ఇచ్చాడు అంటే, ఇక దాని మీద వాదన ఉండదు. అందరూ ఆమెన్ అంటారు. ఆ మాట తేలిగ్గా వాడకూడదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తేలిగ్గా వాడేవారు కాదు. అందుకే దానికి అంత బలం.

బుధవారం ప్రార్థనలో దేవదానం ఇనుప రిమ్ముల సంగతి చెప్పాడు. చాలామంది తలలూపారు. అయ్యగారు నా వైపు చూశారు. నేను లేచాను. ఏం చెప్పాలో లేచేదాకా నాకు తెలియదని మీతో అనవచ్చు. కానీ తెలుసు. బస్సులోనే తెలుసు.

ప్రార్థిస్తుంటే ప్రభువు నాకు చక్రాల దర్శనం ఉన్న వాక్యం ఇచ్చాడన్నాను, అలాంటి మెరిసే చక్రాలే తీసుకోవాలన్నాను. ఆ భాగం చూడకుండా వల్లించాను. గొంతు వణికింది. అది అబద్ధం వణుకు; వాళ్లకు ఆత్మ వణుకులా వినిపించింది. ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా దేవదానమే అన్నాడు. ఇనుము గురించి మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు.

అదే ప్రవక్త తన గ్రంథంలో, దేవుడు పంపకుండానే దేవుడన్నాడని చెప్పేవాళ్ల మీద మండిపడతాడు. ఆ భాగమూ నాకు నోటికి వచ్చు. ఆ రోజు ముందుది వల్లించాను, వెనకది దాచాను. వాక్యం తెలియనివాడు చేయలేని తప్పు ఇది.

మెరిసే చక్రాలు వచ్చాయి. వానలు వెనకబట్టాక జైనూర్ అవతల ఒక గూడేనికి బయలుదేరాం. ముందు దేవదానం, నేను. వెనుక అయ్యగారు, అమ్మగారు. ఒక దిగుడులో కల్వర్టు రాయికి ముందు చక్రం తగిలింది. పెద్ద దెబ్బ కూడా కాదు. చక్రం పగిలి విడిపోయింది. కారు లోయ వైపు లాగింది. దేవదానం పళ్లు బిగించి స్టీరింగుకు తన బరువంతా వేలాడేసి రెండో వైపుకు తిప్పాడు. పత్తి చేనులోకి దూసుకుపోయి మెత్తటి నల్లమట్టిలో కూరుకుపోయి ఆగాం. ఆ మట్టికి ఈనాటికీ స్తోత్రం. ఆ చేతులకు స్తోత్రం. నలుగురం బతికాం.

అమ్మగారి కుడి భుజం మాత్రం విరిగింది. అతికింది గానీ ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. ఆరాధనలో అందరూ రెండు చేతులెత్తేవారు. ఆమె ఒకటే ఎత్తేది. నేను సంఘ పెద్దనుగా ముందు వరుసలో కూర్చునేవాణ్ణి. ఏ ఆదివారమూ ఆ ఎత్తని చెయ్యి నాకు కనబడకుండా పోలేదు.

తర్వాతి ఆదివారం అయ్యగారు నిజంగా అయోమయంలో పడి అడిగారు. వాక్యం ఇచ్చినవాడు నమ్మదగినవాడు, మరి ఇది ఎందుకు జరిగింది, ఎవరి హృదయంలోనైనా ఏమైనా ఉందా, పరీక్షించుకుందాం అన్నారు. నేను లేవాలి. లేస్తాను, ఇంకో క్షణం తర్వాత లేస్తాను అనుకుంటుండగా దేవదానం లేచాడు.

"అయ్యగారూ, నాదే తప్పు," అన్నాడు. "వాక్యం వచ్చినంక గూడ నా మనసు ఒప్పలే. లోపల సణుగుకుంటనే స్టీరింగ్ పట్టిన. గా సణుగుడుకే గిది అయ్యింది. అమ్మగారూ, మీ చెయ్యి ఇరగ్గొట్టింది నేనే."

మోకాళ్ల మీద కూలబడ్డాడు. అమ్మగారు ఏడుస్తూ, "దేవదానం, నువ్వే గద మమ్ముల బతికిచ్చింది," అంది. అతను వినలేదు. పెద్దలు వచ్చి అతని తల మీద చేతులుంచి ప్రార్థించండి అన్నారు అయ్యగారు. నేనూ వెళ్లాను. నా చెయ్యి అతని తల మీద పెట్టాను. అతని అవిశ్వాసాన్ని క్షమించమని ప్రభువును అడిగాను. మంచి ప్రార్థన చేశాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

రాయడం ఇక్కడ ఆపి కాసేపు లేచి తిరిగి వచ్చాను.

దేవదానం పెద్దరికం వదిలేశాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. కారుకు ఇనుప రిమ్ములు వేశారు, ఇంకెవరో నడిపారు. అతను వెనక చాప మీద, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పాట అందుకోవడం మానేశాడు. నా భార్య, "మా అన్న ఎందుకు గిట్లయిండు?" అని చాలాసార్లు అడిగింది. ప్రార్థన చేద్దాం అన్నాను. చేశాం కూడా. ఎంత భక్తిగా తప్పించుకోవచ్చో నాకు తెలుసు.

అయినా అతను నన్ను ప్రేమించడం మానలేదు. మా ఇంట్లో జ్వరం వస్తే ముందు వచ్చేది అతనే. ఇంత మేలు నాకెందుకు చేయించావు ప్రభువా అని అడుగుతాను. అడుగుతూనే కృతజ్ఞతలు చెబుతాను. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "బావా, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినవ్ యాదికున్నదా? గదే నన్ను నిలవెట్టింది. లేకుంటె నేను సంఘమే ఇడిచిపెడుదును." నేను ఏడ్చాను. అతని కోసం ఏడుస్తున్నాననుకుని నన్ను ఓదార్చాడు. అప్పుడైనా చెప్పలేదు. అతని దగ్గర మిగిలిన ఆ ఒక్క ధైర్యాన్నీ లాగేసుకోవద్దని ఊరుకున్నానా, నా పరువు కోసం ఊరుకున్నానా? రెండూ అని రాద్దామనుకున్నాను. కానీ రెండోదే.

అయ్యగారు, అమ్మగారు కూడా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మొన్న మధ్యాహ్నం నా భార్య చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా అన్నకు తెలుసా?"

"తెల్వది."

చిక్కుడుకాయలు పక్కకు నెట్టింది. "మరి నాకెందుకు చెప్పినవ్? నేను మాఫ్ చేస్తే గది మా అన్నకు ముట్టుతదా?"

లేచి లోపలికి వెళ్లింది. అన్నం పెట్టింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇన్నేళ్లూ దేవుని దగ్గర రహస్యంగా ఒప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకు ముందే తెలిసిన సంగతిని ఆయనకే చెప్పడం సులువు. మనుషుల మధ్య ఒక మనిషి పేరు మీద పెట్టిన మచ్చను మనుషుల మధ్యే తుడవాలని ఆమె అడిగాక తెలిసింది.

కాబట్టి ఇక అలంకారం లేకుండా రాస్తున్నాను. ఆ బుధవారం నాకు ఏ వాక్యమూ రాలేదు. నాకు ఆ చక్రాలు నచ్చాయి, అంతే. దేవదానం సణగలేదు. ఉన్నమాట చెప్పాడు. అమ్మగారి చెయ్యి విరగ్గొట్టింది అతను కాదు, నేను.

రాసేశాను. ఊపిరి చాలా కాలానికి లోపలి దాకా దిగుతోంది. దీనికి కూడా, ప్రభువా, నీకు స్తోత్రం.