పొడపత్రి పిప్పి

“ఇసక తెచ్చి నా నోట్లో పోస్తావేందే?”

“ఇసక గాదత్తా, చక్కెర. మింగు!”

“చక్కెరయితే తియ్యగుండదా? నాకే నేర్పిస్తావా?” అని తుపుక్కున ఊసేశాను.

నా కోడలు మొండిది. దవడ పట్టుకుని ఇంకో చెంచాడు కుక్కింది. “కింద పడిన బియ్యపు గింజ ఏరుకుంటావు గానీ, చక్కెర ఊసి పారేస్తావా?”

ఆ రోజు సోమవారం, నాకు ఒక్కపొద్దు. పొద్దున కడుపులో ఏమీ లేకుండానే షుగరు బిళ్ల వేసుకున్నాను. దాని మీద పొడపత్రి కషాయం తాగాను. ఆ తీగ మా దొడ్డి కంచెకు ఊరికే అల్లుకుని ఉంది. ఆకు కాచి తాగితే షుగరు దిగుతుందని పక్కింటామె చెప్పినప్పటి నుంచి తాగుతున్నాను. ఆకే కదా అని డాక్టరమ్మకు చెప్పలేదు. కషాయం వంచుకున్నాక మిగిలిన పిప్పిని పారెయ్యడానికి మనసు రాక, అదీ నమిలేదాన్ని. ఆ రోజూ అది నములుతూనే వాకిట్లోకి వచ్చాను.

పాత వల మీద ఎండేసిన మెత్తళ్ల చేపలను తిరగేస్తుంటే కాళ్లు వణికాయి. చెమట కారింది. కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. వాకిట్లోంచి వంటింట్లోకి, మళ్లీ వాకిట్లోకి తిరిగాను. చేపల మీద వాలని కాకిని కూడా తిట్టాను. అది చూసే కోడలు, నాకు షుగరు మరీ పడిపోయిందని చక్కెర డబ్బాతో పరిగెత్తుకొచ్చింది.

రెండో చెంచా కూడా ఊసెయ్యబోతుంటే నా నోరు మూసి అడిగింది. “ఆ ఆకు నమిలినావా? అది నాలిక మీద తీపిని చంపేస్తాది. మా ఊళ్లో చిన్నప్పుడు అది నమిలి బెల్లం తినేవోళ్లం, మట్టి మాదిరుండేది. నీకు తెలీకున్నా కడుపుకు తెలుస్తాదిలే, మింగు.”

మింగాను. కొంతసేపటికి వణుకు తగ్గింది.

“ఒక్కపొద్దు చెడగొట్టినావు గదే!”

“బతికుంటే ఇంకో సోమవారం రాదా అత్తా?”

“అంతా ఎండ దెబ్బ. ఆకు ఏం చేస్తాది?” అన్నానే గానీ, మనసు నిలవలేదు. ఆకు వల్లనా, బిళ్ల వల్లనా, పస్తు వల్లనా? కోడలు లేకపోతే ఆ వల మీదే పడి ఉండేదాన్ని కదా? పొద్దు వాలేదాకా ఏ పనీ చేతికి రాలేదు.

మరునాడు పొద్దున ఇద్దరం ఆటోలో కోట ఊళ్లోని ఆసుపత్రికి పోయాం. కషాయం సంగతీ పిప్పి సంగతీ డాక్టరమ్మకు నేనే చెప్పాను. ఆమె నా వేలిలో సూది గుచ్చి రక్తం చూసింది. బిళ్ల మానొద్దనీ, బిళ్ల వేసుకుని పస్తుండొద్దనీ, ఆకును ఇప్పటికి ఆపమనీ చెప్పింది. బయటికొచ్చాక కోడలు ఇడ్లీ తిందామంది. తిన్నాను.