నా ఆరు పాయింట్లు

ఆ ఆరు పాయింట్లు నావి. నాకు ఇవ్వలేదు.

ముందు ఈ మాట చెప్పి తీరాలి, మిగతాదంతా తర్వాత. ఆ రోజుల్లో మనిషికి అన్యాయం జరిగితే దాన్ని భద్రంగా దాచుకొనేవాడు. ఇప్పటి పిల్లలు పొద్దున జరిగిన అన్యాయాన్ని ఫోన్‌లో పెట్టి, నలుగురు అయ్యో అనగానే సాయంత్రానికి మరిచిపోతున్నారు. నేను పాతకాలం వాణ్ణి. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చినప్పుడు నా పెట్టెలో రెండు జతల బట్టలు ఉండేవి. ఇప్పుడు నెరిసిన గడ్డంతో ఎగైలాలో ఒక ఇంటి పిల్లలను బడికి దింపే డ్రైవరుగా ఉన్నాను. ఈ మధ్యలో ఎన్నో పోయాయి. పళ్లు కొన్ని పోయాయి, కంటిచూపు కొంత పోయింది. ఆ ఆరు పాయింట్ల మీద కోపం మాత్రం కొత్త బట్టలా మడత నలగకుండా ఉంది.

యుద్ధం అయిపోయి, చమురు బావుల మంటలు ఆరిపోయి, ఎక్కడ చూసినా మరమ్మతులు జరుగుతున్న కాలం. షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను బస్సు డ్రైవరును. పొద్దున కూలీలను క్యాంపు నుంచి ప్లాంటుకు, సాయంత్రం ప్లాంటు నుంచి క్యాంపుకు తోలడం పని. శుక్రవారం సెలవు. అయితే ఆ సెలవు కూలీలకే, బస్సుకు లేదు. మా కంపెనీలోని అమెరికన్ ఇంజనీర్లు ఊరికే ఉండలేక ఒక ఆట జట్టు పెట్టారు. దాన్ని వాళ్లు ఫుట్‌బాల్ అనేవారు. (కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. మిగతా సమయమంతా చంకలో పెట్టుకొని పరిగెత్తడమే. ఆ లెక్కన దాన్ని చంకబంతి అనాలి, కానీ నా మాట ఎవరు విన్నారు?) బంతి గుండ్రంగా కూడా ఉండదు, పీచు తీయని చిన్న కొబ్బరికాయలా రెండు వైపులా మొన తేలి ఉంటుంది. ఒక జట్టువాడు ఆ కాయను పట్టుకొని అవతలి జట్టు చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. దాటకుండా మిగతావాళ్లు మీద పడి తొక్కుతారు. ఆట అంటే అంతే.

మా జట్టు కెప్టెన్ ఒక దొర. ఎండ తగలగానే ముఖం కందిపోయేది కాబట్టి క్యాంపులో మేమంతా ఆయనను టమాటా అనేవాళ్లం. ఆయన అసలు పేరు నాకు నోరు తిరగలేదు. అమెరికన్లు సరిపడా లేకపోతే టమాటా దొర ఎవరు కనబడితే వాళ్లను చేర్చేవాడు. ఇద్దరు ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్లు, ఒక లెబనాన్ గుమాస్తా, తలుపుకు అడ్డం నిలబడితే గాలి కూడా దూరని ఒక ఈజిప్టు వెల్డరు. ఆడేవాళ్లు పదకొండు మంది, తలకు పెట్టుకొనే హెల్మెట్లు తొమ్మిది. వాటికి ముందు ఎలుకల బోనులా ఇనుప కమ్మీలు. ఒకడు కాస్త వెనక్కి తగ్గగానే చెమట కారుతున్న హెల్మెట్ తీసి ఇంకొకడి తలకు తగిలించేవారు. వెల్డరు తలకు పట్టిన హెల్మెట్ గుమాస్తా తలమీద బోర్లించిన కుండలా తిరుగుతుంటే లోపల పాత తువ్వాలు కుక్కేవాళ్లం. ఇసుక మైదానంలో సున్నంతో గీతలు గీస్తే మరుసటి వారానికి గాలి చెరిపేసేది. అందుకని రెండు చివరి గీతలకు అటూ ఇటూ ఖాళీ డీజిల్ డ్రమ్ములు పాతాం.

మాది సగం వృత్తి జట్టని టమాటా దొర గొప్పగా చెప్పేవాడు. ఆ సగం వృత్తి ఏమిటంటే, ఫర్వానియాలో ఒక యెమెనీ హోటలాయన మా చొక్కాలు కుట్టించాడు. వీపు మీద అంకె, దాని కింద ఆయన హోటలు పేరు. ప్రతిఫలంగా గెలిచిన రోజు జట్టు మొత్తానికి మాంసం పెట్టిన మందీ అన్నం. ఓడిన రోజు పప్పు, ఖుబ్జ్ రొట్టె. ఆ ఏడాదంతా మేము పప్పే తిన్నాం. ఎంతగా తిన్నామంటే, మా బస్సు ఆగగానే హోటలు కుర్రాళ్లు అడక్కుండానే పప్పు గిన్నెలు తెచ్చి పెట్టేవాళ్లు. (డ్రైవరుకూ అదే భోజనం. ఓడింది వాళ్లు, పప్పు నాకు. ఇది కూడా అన్యాయమే, కానీ చిన్నది, వదిలేశాను.) చివరికి యెమెనీకి కూడా ఓపిక చచ్చింది. సీజను ఆఖరి ఆటకు ముందు బస్సు దగ్గరికి వచ్చి టమాటా దొర ముందు చేతులు దులిపాడు. “ఈ ఒక్కటీ గెలవండి. లేకపోతే ఖలాస్. చొక్కాలు విప్పి ఇచ్చేయండి” అన్నాడు. చొక్కాలు పోతే జట్టు లేదు. వేరే ఎవడూ మాకు అన్నం పెట్టేవాడు కాదు. ఆ మాట తర్వాత దారి పొడవునా, బస్సులో ఎప్పుడూ అరబ్బీ పాటలు పాడే వెల్డరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆఖరి ఆట రోజు ఒక ఎలక్ట్రీషియన్‌కు షిఫ్టు పడింది. పదిమంది మిగిలారు. టమాటా దొర అటు చూశాడు, ఇటు చూశాడు, బస్సు నీడలో కూర్చొని టీ తాగుతున్న నన్ను చూశాడు. అప్పటికి నాకు ఇంగ్లీషులో వచ్చింది ‘యెస్ సార్’ ఒక్కటే. ఆయన ఏదో అడిగాడు, నేను యెస్ సార్ అన్నాను. మరుక్షణం నా భుజాల మీద రెండు ప్లాస్టిక్ చిప్పలు, తలమీద వెల్డరు చెమట హెల్మెట్, వీపు మీద ఇరవై రెండో అంకె. చేయవలసిన పని వెల్డరు నాకు వచ్చీరాని హిందీలో చెప్పాడు. “నువ్వు అక్కడ నిలబడు. ఏమీ చేయకు. బంతి నీ దగ్గరికి వస్తే దాని మీద పడుకో.”

అవతలి జట్టు షువైఖ్ గోదాముల కంపెనీది. వాళ్ల కెప్టెన్ ఆ కంపెనీ మేనేజరే. అందులో ఒక మనవాడు ఉన్నాడు, హైదరాబాదు మనిషి, గోదాములో పని. మెడ, భుజాలు కలిసిపోయి ఉంటాయి. పాతబస్తీలో కుస్తీ పట్టేవాడట, అందుకని అందరూ పహిల్వాన్ అనేవారు. నన్ను చూడగానే బోను వెనకనుంచి నవ్వాడు.

“అరె భాయ్, నువ్ బస్సు తోలేటోనివి గద! ఈడేం జేస్తున్నవ్?”

“నాకూ తెల్దు భాయ్. నిలబడమన్నారు, నిలబడ్డా.”

“నిలవడు నిలవడు. నా దిక్కు మాత్రం రాకు, పచ్చడైతవ్.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ణి. ఆషామాషీగా కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు పిలిపించుకొని ఆడించేవాళ్లు. పల్చటి మనిషిని, నలుగురు పట్టినా చేపలా జారిపోయేవాణ్ణి. ఈ సంగతి టమాటా దొర అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు భాష ఏది?

ఆట నడిచింది. వెల్డరు ఒకసారి బంతిని కాలితో తన్ని, చివరి గీత వెనక పాతిన రెండు కొయ్యల మధ్యగా పంపాడు, మాకు మూడు పాయింట్లు. వాళ్లు ఒకసారి గీత దాటారు, వాళ్లకు ఆరు. ఇక కొద్దిసేపే ఉందనగా పడమటి నుంచి దుమ్ముగాలి లేచింది. ఇక్కడ దాన్ని తూజ్ అంటారు. కళ్ల ముందు గోనెపట్టా దించినట్టు అవుతుంది. ఆ దుమ్ములో ఎవరో ఎవరినో గుద్దుకున్నారు, కాయ జారింది, ఇసుకలో రెండు పల్టీలు కొట్టి సరిగ్గా నా కాళ్ల దగ్గర ఆగింది.

పడుకోమన్నారు. పడుకోవలసిందే. కానీ ఎదురుగా ఆరుగురు నా మీదికి వస్తుంటే కబడ్డీ ఆడిన ఒళ్లు పడుకోదు. కాయ తీసి చంకలో పెట్టి, గుక్క తిప్పుకోకుండా “కబడ్డీ కబడ్డీ కబడ్డీ” అంటూ దూరాను. ఒకడి చేతి కింద నుంచి వెళ్లాను, ఇంకొకడి మోకాలు దాటాను, మూడోవాడు నా చొక్కా అంచు పట్టుకొని యెమెనీ హోటలు పేరులో సగం చింపాడు. దుమ్ము మింగేసింది అందరినీ. ఆఖరికి ఒక్కడే నా వెనక, పహిల్వాన్. డ్రమ్ము కనబడింది. పహిల్వాన్ నా నడుము అందుకోబోయి జారి, నా మడమ దగ్గర బోర్లా పడ్డాడు. నేను గీత దాటి, చేత్తో డ్రమ్మును టంగుమని కొట్టాను.

కబడ్డీ ఆడినవాళ్లకు తర్వాతిది చెప్పనక్కరలేదు. అవతలి గీత దాటితే పని సగమే అయినట్టు. గుక్క తెగకుండా తిరిగి మన గీతకు చేరితేనే ఆ పాయింటు మనది. కాబట్టి నేను గిరుక్కున తిరిగి, ఇంకా గట్టిగా కబడ్డీ కబడ్డీ అంటూ, కాయతో సహా మా వైపు పరుగు అందుకున్నాను. దుమ్ములోంచి బయటపడే సమయానికి మైదానం మధ్యలో అందరూ కళ్లు నులుముకుంటూ నిలబడి ఉన్నారు. వాళ్లకు కనబడింది ఒక్కటే: ఒక మనిషి బంతి పట్టుకొని తప్పుడు దిక్కున మీదికి వస్తున్నాడు. మా వెల్డరు నన్ను శత్రువనుకొని ఎదురొచ్చి పడేశాడు. (నా జట్టువాడే. ఆ దెబ్బ చలికాలంలో ఇప్పటికీ పక్కటెముకల్లో పలుకుతుంది.) విజిల్ మోగింది. ఆట అయిపోయింది.

విజిలు ఊదే పెద్దమనిషి, ఒక ఇంగ్లీషు దొర, వంగి నన్ను అడిగాడు. గీత దాటావా అని చేత్తో చూపించాడు. “యెస్ సార్” అన్నాను. దాటలేదా అని మళ్లీ చూపించాడు. “యెస్ సార్.” అసలు అటు వెళ్లనే లేదా? “యెస్ సార్.” టమాటా దొర నెత్తిన చేయి పెట్టుకున్నాడు. అన్నిటికీ అదే మాట చెప్పే మనిషి మాటకు, కావలసిన రోజున విలువ లేకుండా పోయింది. డ్రమ్ము శబ్దం వినలేదా అని సైగ చేస్తే గాలికి మోగిందన్నారు. ఇక మిగిలిన సాక్షి ఒక్కడే.

“భాయ్, నువ్వు చూసినావు కదా! నా కాలికాడే పడినావు. చెప్పు వాళ్లకు!”

పహిల్వాన్ ఒకసారి తన మేనేజరు వైపు చూశాడు, ఒకసారి ఇసుక వైపు చూశాడు. “కండ్లల్ల మట్టి వడ్డది భాయ్” అన్నాడు.

ఆ రాత్రి మేము పప్పు తిన్నాం. చొక్కాలు విప్పి ఇచ్చేశాం. కొన్నాళ్లకు అదే హోటలుకు వెళితే యెమెనీ ఆ చొక్కాలను వడ్డించే కుర్రాళ్లకు తొడిగించి ఉన్నాడు. నా ఇరవై రెండు, చిరిగిన చోట మాసికతో, ఎవరికో మందీ పళ్లెం మోసుకెళుతోంది. టమాటా దొర మరుసటి ఏడు తన దేశం వెళ్లిపోయాడు. జట్టు కథ అంతటితో సరి.

నా కథ సరి కాలేదు. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది మంచి ఉద్యోగం కోసమని మావాళ్లు అనుకుంటారు. కాదు. ఆ ఆట నియమాల పుస్తకం చదవడానికి. బడికి పోయింది తక్కువ. దుకాణాల బోర్డులు, మందు సీసాల మీది కాగితాలు, పాత పత్రికలు, ఇవే నా వాచకాలు. ఏళ్లు పట్టింది. చదివాను. బంతి గీత దాటిన క్షణానే ఆరు పాయింట్లు పడిపోతాయని అందులో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత మనిషి వెనక్కి పరిగెత్తనీ, నాట్యం చేయనీ, ఇంటికి పోనీ, అది ఎవరికీ సంబంధం లేని విషయం. ఆ రాత్రి నా గదిలో నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

మిగిలింది సాక్షి. పహిల్వాన్ కూడా నాలాగే ఈ దేశంలోనే ముదిరాడు. ఫర్వానియా బస్సు స్టాపులో కనబడితే అడిగాను. “బస్సొచ్చింది భాయ్” అని ఎక్కేశాడు. (అది వాడి బస్సు కాదు.) పండుగ నాడు కౌగిలించుకొని చెవిలో అడిగాను. “ఈద్ ముబారక్” అన్నాడు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే యాపిల్ పళ్లు పట్టుకెళ్లి, పరామర్శ కాగానే మెల్లగా అడిగాను. “కాలిరిగి పన్నోన్ని గూడ ఇడువవా?” అన్నాడు, పళ్లు మాత్రం తీసుకున్నాడు. నేను మనసులో వాడిని క్షమించేశాను కూడా. పాపం, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం మేనేజరు చేతిలో ఉన్నప్పుడు మేనేజరు ఓడిపోయాడని ఎలా చెబుతాడు? ఆ భయం నాకు తెలియనిదా? అలా వాడి తరఫున నేనే ఒక వాదన కట్టి, ఇన్నేళ్లూ దాన్ని నమ్మి, వాడిని గౌరవిస్తూ కూడా వచ్చాను.

మొన్న పహిల్వాన్ అన్నీ ముగించుకొని హైదరాబాదుకు బయలుదేరాడు. ఫర్వానియాలో వాడి గదికి వెళ్లాను. మెడ ఇప్పుడు సన్నబడింది, భుజాలు దిగిపోయాయి. పెట్టె తాడుతో కడుతుంటే ఒక కొస నేను పట్టుకున్నాను. ముడి బిగించే ముందు తాడు వదలకుండా అడిగాను.

“ఇంగ నీకు ఇఖామా లేదు, మేనేజరు లేడు. ఎవురికీ భయపడే పని ల్యా. ఇప్పుడన్నా చెప్పు భాయ్. నేను గీత దాటినానా, ల్యా?”

వాడు పెట్టె మీద కూర్చున్నాడు. నా వైపు చూసి నవ్వాడు. బోను వెనక నుంచి నవ్విన ఆ పాత నవ్వు, పళ్లు తగ్గినా అదే. ఇద్దరు ముసలివాళ్లం, మధ్యలో ఒక తాడు. ఎందుకో నాకూ నవ్వొచ్చింది. అప్పుడు చెప్పాడు:

“దాటినవ్ భాయ్. రెండు కాళ్లూ దాటినయ్, నేన్ మంచిగ జూసిన. మేనేజర్‌కు భయపడి గాదు, నీ మీదొట్టు. దాటినంక నువ్వే మల్ల ఎన్కకు ఉరుకవడ్తివి, పొయ్యి మీద పాలు వెట్టి మర్చిపోయినోని లెక్క. ఆరు పాయింట్లు తీస్కపోయి ఎవ్వలకో వాపస్ ఇయ్యవోతున్నవ్ అనుకున్న. నీకే ఒద్దన్నంక, ఇప్పియ్యనీకి నేనెవన్ని?”